పిల్లి తప్పా, గట్టు తప్పా?

మన ఇళ్ళల్లో పండక్కి పదిమంది చేరితే రెండు విషయాల మీద గొడవ తప్పదు. ఒకటి, పిల్లలకు తెలుగు చదవడం ఎప్పుడు వస్తుందని. రెండోది పిల్లి. పిల్లి గట్టు ఎక్కింది, పాలగిన్నెలో మూతి పెట్టింది, స్టవ్ పక్కన ముడుచుకుని పడుకుంది. ఒకరు చీపురు తీస్తారు. ఒకరు నీళ్ళు చల్లుతారు. ఇంకొకరు "దాన్ని గోనెసంచిలో కట్టి యాడన్నా దూరంగా ఇడ్సి రాపో" అంటారు. మొదటి గొడవ గురించి ఇక్కడ అందరూ రాస్తానే ఉన్నారు. రెండోది నేను రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పిల్లి వంటగట్టు ఎక్కకూడదు. వేడి స్టవ్ దగ్గరికి అసలే పోకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ అది పిల్లిని కొట్టి, బెదిరించి, వదిలేసి వచ్చి సాధించే పని కాదు. వంటిల్లు సర్దుకుంటే అయ్యే పని. ఈ సంగతి మన అవ్వలకు బాగా తెలుసు. నేల మీది పొయ్యి పోయి గట్టు వచ్చినప్పుడు, ఉట్టి కొక్కెం కూడా పీకేసినప్పుడు, ఆ తెలివి ఇంట్లోంచి బయటికి పోయింది. నింద మాత్రం పిల్లికి మిగిలింది.

నేను ఒకటో తరగతి నుంచి కన్నడ మీడియం. తెలుగు నాకు బడిలో రాలేదు, ఇంట్లో వచ్చింది. అందుకని సామెతలన్నీ వంటింట్లో విన్నవే. వాటిల్లో రెండు ఈ విషయానికి సరిగ్గా పనికొస్తాయి. ఒకటి, "వాళ్ళింట్లో ఇంకా పొయ్యిలో పిల్లి లేవలేదు." అంటే ఆ పూట పొయ్యి వెలగలేదు, గింజలు లేవు అని. పేదరికం గురించి చెప్పే మాటే, కానీ దాని వెనక ఒక నిజమైన దృశ్యం ఉంది. రాత్రి వంట అయినాక పొయ్యిలో బూడిద తెల్లారేదాకా గోరువెచ్చగా ఉండేది. పిల్లికి అంతకన్నా మంచి పరుపు లేదు. పొద్దున పొయ్యి ముట్టించే ఆడమనిషి మొదట పిల్లిని లేపాలి, తర్వాత బూడిద ఎత్తాలి, ఆ తర్వాతే పుల్ల పెట్టాలి. అంటే స్టవ్ వెలిగించేముందు చూసుకోవడం అనేది మన భాషలోనే ఉండాది.

రెండోది, "కాలుగాలిన పిల్లిలా తిరుగుతా ఉన్నాడు." కుదురు లేకుండా ఇంట్లో అటూ ఇటూ తిరిగేవాళ్ళను ఇట్లా అంటాం. కన్నడంలో "అండు సుట్ట బెక్కు" అంటారు. తెలుగు పిల్లికి కాలు కాలింది, కన్నడ పిల్లికి కూర్చునే చోటు కాలింది. మన పావగడలో రెండు పిల్లులూ ఉన్నాయి! నవ్వుకునే మాటే, కానీ రెండు భాషలవాళ్ళూ పిల్లి కాలడం ఎన్నోసార్లు కళ్ళారా చూసినందువల్లే ఈ మాటలు పుట్టాయి.

ఇంక పాత వంటిల్లు గుర్తు చేసుకోండి. పొయ్యి నేల మీద. పైన మిద్దెకు పొగ పోయే గవాక్షి. పాలు, పెరుగు, వెన్న ఉట్టిలో. ఉట్టి కట్టడంలో ఒక లెక్క ఉండాది. గోడకు దూరంగా, గది మధ్య దూలానికి కడతారు. మనిషి చెయ్యి ఎత్తితే అందుతుంది. పిల్లి నిలబడిన చోటు నుంచి అయిదడుగుల దాకా ఎగరగలదు, కానీ ఎగిరినాక కాలు పెట్టడానికి చోటు కావాలి. ఉట్టి ఊగుతుంది, గిన్నె మూత జారుతుంది, పట్టు దొరకదు. పిల్లిని కొట్టకుండా, తిట్టకుండా, దాని శరీరం ఎట్లా పని చేస్తుందో తెలుసుకుని కట్టిన ఏర్పాటు అది. మీగడ దుత్త మీద మూత, మూత మీద రాయి. సంగటి ముద్దలు చేసినాక గుండు చెంబు బోర్లించడం. ఇవన్నీ అదే లెక్క. పిల్లి వస్తుంది అని ఒప్పుకుని కట్టిన వంటిల్లు.

పిల్లి ఇంట్లో ఉండటానికి కారణం కూడా అందరికీ తెలుసు. మనది శెనక్కాయల సీమ. మూటలు ఇంట్లో పెడితే ఎలుక రాకుండా ఉండదు. ఎలుక వస్తే పిల్లి కావాలి. అందుకని పిల్లి ఇంటి పనిమనిషి లెక్క. దానికి జీతం కొంచెం బువ్వ, కొంచెం మజ్జిగ.

తర్వాత గ్యాస్ వచ్చింది. పట్నంలో ముందు, పల్లెల్లో తర్వాత. 2016 మే 1న ఉజ్వల పథకం మొదలైనాక పొయ్యి మాత్రమే ఉన్న ఇళ్ళకు కూడా సిలిండర్ చేరింది. గ్యాస్ స్టవ్‌తో పాటు గట్టు వచ్చింది. కడప బండ వేసిన గట్టు, ఆ తర్వాత గ్రానైట్ గట్టు. ఇది చాలా మంచి మార్పు. పొగ పోయింది, వంగి వంగి నడుము పట్టుకోవడం పోయింది. దీన్ని వెనక్కి తిప్పమని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ పిల్లి వైపు నుంచి చూడండి. గట్టు ఎత్తు మూడడుగుల లోపే. అయిదడుగులు ఎగిరేదానికి అది మెట్టు. పైన చదునుగా, వెడల్పుగా ఉండాది. ఒక పక్క సింకులో నీళ్ళు, ఒక పక్క కిటికీ, నడిమధ్య వేడి. అన్నం, పాలు, చేపల గిన్నె, అన్నీ వరసగా దాని మీదే. ఉట్టి లేదు. మనం పిల్లికి ఒక మంటపం కట్టించి, దాని మీద నైవేద్యం పెట్టి, "ఎక్కొద్దు" అంటున్నాం.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో ఒక పద్ధతి ఉంటుంది. తప్పు కనపడగానే "ఇది చెడిపోయింది" అని రాసి పంపించెయ్యరు. ఏం చేస్తే వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఏం తీసేస్తే ఆగుతుంది అని చూస్తారు. పిల్లి విషయంలో మనం ఈ ఒక్క పనీ చెయ్యం. ఎక్కగానే అరుస్తాం. ఎందుకు ఎక్కింది అని అడగం.

నాలుగు రోజులు గమనిస్తే కారణం బయటపడుతుంది. సాధారణంగా అయిదే ఉంటాయి. ఆకలి లేదా వాసన ఒకటి. నీళ్ళు రెండోది, చాలా పిల్లులకు గిన్నెలో నిలవ నీళ్ళకన్నా కొళాయి కింద కారే నీళ్ళు ఇష్టం. మూడోది ఎత్తు. పిల్లి పైనుంచి చూస్తూ కూర్చునే జంతువు, ఇంట్లో కుక్కో చిన్నపిల్లలో ఉంటే ఇంకా ఎక్కువ. నాలుగోది మన ధ్యాస. అమ్మ గట్టు దగ్గర నిలబడితే అదీ గట్టు దగ్గరే ఉండాలి. అయిదోది వేడి. ఈ అయిదింటికీ మందు వేరువేరు. ఆకలితో ఎక్కే పిల్లికి ఎత్తు పీట వేసి లాభం లేదు, చలికి ఎక్కే పిల్లికి బువ్వ పెట్టి లాభం లేదు.

తిండి గురించి ఒక చిన్న సంగతి. పిల్లికి తీపి తెలియదు. తీపిని గుర్తుపట్టే జన్యువు పిల్లి జాతిలో పని చేయడం లేదని 2005లో శాస్త్రవేత్తలు చూపించారు. కాబట్టి ఉగాదికి ఓళిగల పళ్ళెం దగ్గర తచ్చాడితే అది బెల్లం కోసం కాదు, నెయ్యి కోసం. నెయ్యిగిన్నె మూసిపెడితే సగం పని అయిపోతుంది.

వేడి గురించి మాత్రం ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికొచ్చేది ఇక్కడే. ఇంటిపిల్లి మూలం ఎడారి ప్రాంతాల అడవిపిల్లి. మనకు ఉక్కగా అనిపించే 30 నుంచి 38 డిగ్రీల మధ్యే దాని ఒంటికి హాయి. అందుకే ఏప్రిల్ ఎండల్లో కూడా అది స్టవ్ పక్కన పడుకోగలదు. డిసెంబరు రాత్రుల సంగతి చెప్పక్కర్లేదు. ఇంకొకటి. మనకు చర్మం మీద 44, 45 డిగ్రీల దగ్గర నొప్పి మొదలవుతుంది. పిల్లి 52 డిగ్రీల దాకా కూడా కదలకుండా ఉండిపోవచ్చు. దానికి కాలదని కాదు దీని అర్థం. కాలుతుంది, కానీ ఆలస్యంగా తెలుస్తుంది. తోక కొసకు మంట అంటుకున్నా కాసేపు అట్లే కూర్చునే పిల్లులుంటాయి. "వేడి తగిలితే అదే దిగిపోతుందిలే" అనే మాట అందుకే నమ్మకూడదు.

కొత్త స్టవ్‌లతో చిక్కు ఇంకా పెరిగింది. మన తాలూకాలో తిరుమణి చుట్టూ 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉండాది. ఆ కరెంటు ఎక్కడికి పోతుందో గానీ కరెంటు స్టవ్‌లు మాత్రం మన గట్టు మీదికీ వచ్చేశాయి. గ్యాస్ స్టవ్ నాబ్ లోపలికి నొక్కి తిప్పాలి, పిల్లికి అది కష్టం. టచ్ బటన్ల స్టవ్‌కు వేలు తగిలితే చాలు, పిల్లి పాదం తగిలినా చాలు. ఇండక్షన్ స్టవ్ ఖాళీగా ఉంటే వేడెక్కదు, కానీ మనం దాని మీద గిన్నె పెట్టేసి పోయే అలవాటుంటే వేడెక్కుతుంది. ఇన్‌ఫ్రారెడ్ స్టవ్‌కైతే గిన్నె కూడా అక్కర్లేదు. వంట అయినాక కూడా అద్దం చాలాసేపు వేడిగానే ఉంటుంది, చూస్తే తెలియదు.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో అగ్నిమాపక శాఖ లెక్క తీసింది. 2019 జనవరి నుంచి 2021 నవంబరు దాకా ఆ ఒక్క నగరంలో పిల్లుల వల్ల 107 ఇళ్ళల్లో మంటలు వచ్చాయి. టచ్ బటన్ల మీదికి పిల్లి దూకడమే కారణమని వాళ్ళ అనుమానం. సగానికి పైగా మంటలు ఇంట్లో మనుషులు లేనప్పుడే. మన దగ్గర ఇట్లాంటి లెక్క ఎవరూ తీయరు, "షార్ట్ సర్క్యూట్" అని రాసేస్తారు. కాబట్టి బయటికి పోయేముందు కరెంటు స్టవ్ ప్లగ్ పీకెయ్యాలి, లేదా గోడ మీది స్విచ్ ఆపాలి. గ్యాస్ అయితే రెగ్యులేటర్ దగ్గర ఆపాలి. పిల్లి లేని ఇంట్లో కూడా ఇది చెయ్యాల్సిందే.

ఇప్పుడు శిక్ష సంగతి. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలుసు, కన్నడ మీడియం వాళ్ళకూ తెలుసు. రాయలవారు ఎలుకల బాధకు ఇంటికొక పిల్లిని, దానికి పాలకని ఒక ఆవును ఇచ్చాడు. రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు చూస్తేనే పారిపోయింది, పాలన్నీ ఆయనే తాగాడు. చిన్నప్పుడు అందరం నవ్వాం. పెద్దయినాక చూస్తే ఆ పిల్లి నేర్చుకున్నది బుద్ధి కాదు, భయం. అదీ రామకృష్ణుడికి కావాల్సిన భయమే, ఎందుకంటే ఆయనకు పాలు కావాలి. మనకు పాలు మిగలడం కాదు కదా కావాల్సింది. పిల్లి ఇంట్లో తిరగాలి, ఎలుక పట్టాలి, మన కాళ్ళ దగ్గరికి రావాలి, గట్టు మాత్రం ఎక్కకూడదు. భయంతో ఇంత లెక్క కుదరదు.

నీళ్ళు చల్లడం, చప్పట్లు కొట్టడం, చీపురు చూపించడం, ఇవన్నీ మనం ఉన్నప్పుడే పని చేస్తాయి. పిల్లికి అర్థమయ్యేది "గట్టు ఎక్కకూడదు" అని కాదు. "ఈయమ్మ ఉన్నప్పుడు ఎక్కకూడదు" అని. మా భాషలో చెప్పాలంటే, చూస్తున్నప్పుడు మాత్రమే పాస్ అయ్యే టెస్ట్ పాస్ అయినట్టు కాదు. రాత్రి పన్నెండుకు వంటింట్లో గిన్నె పడితే ఫలితం తెలిసిపోతుంది.

దీనికన్నా ప్రమాదమైన చిట్కాలు ఫోనుల్లో తిరుగుతా ఉన్నాయి. గట్టు మీద కారంపొడి చల్లమని ఒకటి. అది పాదానికి అంటి, ఆ పాదంతో కళ్ళు తుడుచుకుంటుంది. ఫినాయిల్ పెట్టి తుడిస్తే దగ్గరికి రాదని ఇంకొకటి. పిల్లి రోజంతా పాదాలు నాకే జంతువు. ఫినాల్ జాతి రసాయనాలను విరగ్గొట్టే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. మనకు శుభ్రం అనిపించేది దానికి విషం. సువాసన నూనెలు చల్లడం కూడా ఇంతే.

మరి ఏం చెయ్యాలి? పెద్ద ఖర్చేం లేదు. మన ఇళ్ళల్లో జరిగే పనులే.

వంట మొదలుపెట్టే ముందే, రోజూ ఒకే వేళకు, నేల మీద దాని గిన్నెలో దాని తిండి పెట్టండి. కడుపు నిండిన పిల్లి వంటప్పుడు నిద్రపోతుంది. మన తిరగవాత పడినది మాత్రం పెట్టొద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడు చేస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. పెద్దపిల్లులకు చాలావాటికి పాలు కూడా పడవు. నీళ్ళ గిన్నె వంటింట్లో కాకుండా వేరే చోట, రోజూ మార్చి పెట్టండి. కొళాయి కారకుండా చూసుకోండి.

గట్టుకన్నా ఎత్తుగా దానికొక చోటు ఇవ్వండి. వంటిల్లు కనపడే కిటికీ అంచో, పాత బీరువా పైనో, గోడకు కొట్టిన ఒక పలకో. దాని మీద పాత చీర మడత వేస్తే వెచ్చగా ఉంటుంది. వేడి కోసం ఎక్కే పిల్లికి ఈ చోటే మందు. అక్కడ కూర్చున్నప్పుడు ఒక చిన్న చేపముక్క ఇవ్వండి. గట్టు మీద కూర్చున్నప్పుడు ఏమీ ఇవ్వొద్దు, చూడను కూడా చూడొద్దు, మాట్లాడకుండా ఎత్తి కింద దించండి.

గట్టు ఖాళీగా పెట్టండి. వంట అయిన గిన్నెలన్నీ మూతలతో, లేదా జాలీ అల్మారాలో. కొన్నాళ్ళు గట్టు అంచున రెండు వైపులా అంటే టేపో, అల్యూమినియం కాగితమో పరిస్తే దూకగానే పాదానికి నచ్చదు, దిగిపోతుంది. దెబ్బ లేదు, అరుపు లేదు, మనం ఇంట్లో లేకపోయినా పని చేస్తుంది. స్టవ్ ఆపినాక చల్లారేదాకా బర్నర్ల మీద పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి పెట్టడం మంచి అలవాటు. నూనె కాగుతున్నప్పుడు మాత్రం ఏ పద్ధతీ చాలదు. వంటింటి తలుపు వెయ్యాలి. తలుపు లేని వంటిల్లయితే పిల్లిని వేరే గదిలో పెట్టాలి.

అన్నిటికన్నా కష్టమైనది ఇంట్లోవాళ్ళందరూ ఒకే మాట మీద ఉండటం. అమ్మ దించుతుంది. అవ్వ "పాపం" అని గట్టు మీదే ఒక ముక్క వేస్తుంది. పదిసార్లలో ఒక్కసారి దొరికినా పిల్లి పదిసార్లూ ఎక్కుతుంది. లాటరీ టికెట్ కొనేవాళ్ళను ఎప్పుడన్నా చూడండి, ఇదే లెక్క.

ఇంత చేసినా ఎప్పుడన్నా కాలితే, అప్పుడు చెయ్యాల్సింది అందరికీ తెలిసుండాలి. కాలిన చోట మామూలు చల్లటి కొళాయి నీళ్ళు పది నిమిషాలన్నా పొయ్యాలి. ఐసు వద్దు. పసుపు, నెయ్యి, టూత్‌పేస్ట్, ఇంకు, ఏదీ వద్దు. శుభ్రమైన తడిగుడ్డ చుట్టి దగ్గరలోని పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. నొప్పికని మనం వేసుకునే పారాసెటమాల్ బిళ్ళ పొరపాటున కూడా వెయ్యొద్దు. ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తీస్తుంది. ఇది మంచి మనసుతో జరిగే చావు, అందుకే గట్టిగా చెప్తున్నా.

"పిల్లికి ఇంత సేవ ఎందుకు, బయటే ఉండనీ" అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. బయట మట్టిలో తిరిగిన కాళ్ళతో గట్టు మీద నడిస్తే శుభ్రం కాదు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, అది కడుపుతో ఉన్నవాళ్ళకు ప్రమాదం. అందుకే వంటకు ముందు గట్టు సబ్బునీళ్ళతో తుడవాలి, కడుపుతో ఉన్న ఆడపిల్ల చేత పిల్లి మట్టి ఎత్తించకూడదు. ఈ కారణాలన్నీ గట్టు ఎక్కనివ్వకూడదు అనడానికి. ఇంట్లోంచి గెంటెయ్యడానికి కాదు.

ఇక గోనెసంచి. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని మన పెద్దల నమ్మకం. కాబట్టి చంపేవాళ్ళు లేరు. కానీ సంచిలో కట్టి, బండి మీద పెట్టుకుని, చెరువు అవతల వదిలి వచ్చేవాళ్ళు ఉన్నారు. ఇంటి అన్నం తిని పెరిగిన పిల్లి తెలియని చోట కుక్కల మధ్య ఎన్ని రోజులు బతుకుతుంది? చెయ్యి మనది కాకపోతే పాపం మనది కాదా? 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలికి, దాహానికి వదిలేసి రావడం కూడా నేరమే. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలే, ఆ మాట నిజమే. చట్టానికి భయపడి మానెయ్యమని నేను చెప్పడం లేదు. శెనక్కాయల మూటలు కాచి పెట్టినదానికి మనం ఇచ్చే జీతం ఇదేనా అని అడుగుతున్నా.

ఇక్కడ మనం పాత ఫోటోలు పెడతాం, రోలు, చేట, దుత్త పేర్లు రాసుకుంటాం. ఉట్టి ఫోటో పెడితే అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవడం మంచిదే. కానీ ఉట్టి తాడులో లేదు గొప్పతనం, దాని వెనక ఉన్న ఆలోచనలో ఉంది. ఇంట్లో ఉండే ప్రాణి ఏం చేస్తుందో ముందే తెలుసుకుని, దానికీ మనకీ దెబ్బ తగలకుండా వంటిల్లు అమర్చుకోవడం. ఆ ఆలోచన కడప బండ మీద కూడా కుదురుతుంది, ఇండక్షన్ స్టవ్ దగ్గర కూడా కుదురుతుంది. వచ్చే ఉగాదికి అందరం కలిసేలోపల మీ వంటింటికి ఒక పలక, నాలుగు మూతలు కొనండి. చీపురును ఊడ్చడానికి మాత్రం వాడండి.